కషాయం సరే, ఏ నీళ్లతో కాస్తున్నారు?

మోకాళ్ల నొప్పులకు కషాయం కాచుకొమ్మని ఫోన్లో ఎవరు వీడియో పెట్టినా ఒక మాట తప్పదు: నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించండి. ఆ మాట వేరే ఊళ్లలో చెల్లుతుందేమో గానీ, మా ఉమ్మడి నల్లగొండలో బోరు నీళ్లకు చెల్లదు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది ఆవిరైపోయేది కాదు. నీళ్లు ఇగిరే కొద్దీ నాలుగు గ్లాసుల్లోదీ ఆ ఒక్క గ్లాసులోకే వచ్చి చేరుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. సరిగ్గా ఆ గీత మీదున్న నీళ్లను అలా కాస్తే ఆరుకు చేరతాయి.

నేను మిర్యాలగూడలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. "వాత నొప్పులకు శొంఠిని మించిన మందు లేదు బిడ్డా" అని ఇప్పటికీ అంటుంది. మెడ మాత్రం పక్కకు తిప్పలేదు. నాట్లేసి నాట్లేసి అరిగిన మోకాలు వేరు, ఫ్లోరైడ్ పట్టి బిగుసుకున్న కీలు వేరు. మా దగ్గర చాలామందికి ఈ రెండూ ఉన్నాయి. మొదటిదానికి కషాయం కొంత ఊరటనిస్తే ఇవ్వొచ్చు. రెండోదాన్ని ఏ ఆకూ వదిలించలేదు.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇక్కడి ఫ్లోరోసిస్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. డ్యామ్ కట్టాక భూమిలో నీటిమట్టం పైకి వచ్చి, నేలలోనూ జొన్నలోనూ ధాతువుల పాళ్లు మారడం కారణం కావొచ్చని ఆ రోజుల్లో అనుమానపడ్డారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ పద్ధతి' వల్ల మా జిల్లా పేరు ఆఫ్రికా దాకా పోయింది. ఏం పేరో!

కషాయం మానమని చెప్పడం లేదు. నేనూ తాగుతాను. కృష్ణా నల్లా నీళ్లు రెండు గ్లాసులు, దంచిన అల్లం, చెంచా ధనియాలు, నాలుగు మిరియాలు, చిటికెడు పసుపు. మూత పెట్టి పది నిమిషాలు ఉంచితే చాలు, ఇగరబెట్టను. పసుపు మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మోకాళ్ల అరుగుదలకు అది పనిచేసిందన్న పరీక్షల్లో ఎక్కువగా వాడింది దాని సారంతో చేసిన క్యాప్సూళ్లు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరిగేది చాలా తక్కువ. రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడిగాకే ఇలాంటివి మొదలుపెట్టాలి.

అసలు లాభం ఇంకో చోట ఉంది: కషాయం తాగిన పూట చాయ్ మానేస్తాం. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాగి దాచుకుంటుంది, ముదురు ఆకుల్లో మరీ ఎక్కువ. టిబెట్‌లో ఇటుకల్లా అచ్చుపోసిన తేయాకుతో కాచిన తేనీరు తాగీ తాగీ ఫ్లోరోసిస్ తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇక మన చింతపండు చారును తక్కువ చేసి చూడకండి. పోషకాహార సంస్థవాళ్లే బడిపిల్లలకు రోజూ చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

నల్లా ఉంది కదా, ఇంకా బోరు గొడవెందుకని కొందరు అడుగుతారు. నల్లా ఉన్నది ఇంటి దగ్గర. నాట్లకు పోయిన ఆడవాళ్లు పగలంతా తాగేది చేను దగ్గర మోటారు నీళ్లే. పంచాయతీలు ప్రతి బోరు మీదా దాని ఫ్లోరైడ్ లెక్క పెయింటుతో రాయించాలి. కషాయం పొడి అమ్మేవాళ్లు 'బోరు నీళ్లతో కాయొద్దు' అని ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. కూలీలను పిలిచే ఆసాములు నల్లా నీళ్ల క్యాను ఒకటి ట్రాక్టరులో వేసి పంపితే, దానికయ్యే ఖర్చు కూడా ఏమంత లేదు.