ముతవల్లీ మాలిక్ కాడు

పోయిన రంజాన్‌కు ముందు ఖిలా వరంగల్‌లోని మా ఇంటి మిద్దె మీద ఫ్రీ డిష్ పెట్టించాను. నెలనెలా కేబుల్ బిల్లు అమ్మీకి ఫిజూల్ ఖర్చు అనిపించింది. బిగించడానికి వచ్చిన పిల్లగాడు ఫోన్‌లో దిక్కులు చూసుకుని డిష్‌ను ఆగ్నేయం మూలకు తిప్పుతుంటే అమ్మీ నవ్వింది. "అరె బేటా, ఖిబ్లా ఇధర్, తూ ఉధర్ ఫిరా రా?"

ఆ మూలన ఏముందో అమ్మీకి చెప్పాను. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు దగ్గర ఇస్రో జీశాట్-15 ఉంది. భూమితో పాటే రోజుకొక చుట్టు తిరుగుతుంది కాబట్టి మనకు ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది. అలా నిలబడగల దారి ఆకాశంలో అదొక్కటే. ఇద్దరు పక్కపక్కన చేరి ఒకే ఫ్రీక్వెన్సీ వాడితే ఒకరి సిగ్నల్ ఇంకొకరిని పాడుచేస్తుంది. అందుకే ప్రతి జాగాకూ, ప్రతి ఫ్రీక్వెన్సీకీ హిసాబ్ ఉండాలి. ఆ హిసాబ్ రాసేది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్.

అంతా విని అమ్మీ ఒక్కటే అడిగింది. "అయితే ఆ జాగా ఎవరిది?"

ఈ సవాల్ మీద ఒకప్పుడు దేశదేశాలు జగడమాడాయి. పెద్ద దేశాల ఉసూల్: ముందు వచ్చినవాడికే ముందు. గరీబ్ దేశాల జవాబ్: ఇవ్వాళ మాకు ఉపగ్రహం లేదని రేపటి మా హఖ్ పోతుందా? 1977లో జెనీవాలో ఫైసలా అయింది. టీవీ ప్రసారాల కోసం యూరప్, ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా దేశాలకు కక్ష్యలో జాగాలు, చానెళ్లు పంచి రాసేశారు, ఉపగ్రహం ఉన్నవాడికీ లేనివాడికీ. అమెరికా ఖండాల తఖ్సీమ్ 1983లో జరిగింది. 1977లో మన దేశానికి సొంత టీవీ ఉపగ్రహం లేదు. అంతకుముందే, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా, అమెరికా దగ్గర తెచ్చుకున్న ఏటీఎస్-6తో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారాలు తెలుగు, హిందీ, కన్నడ, ఒడియాల్లో వచ్చాయి. ఉర్దూ అప్పుడూ గైర్‌హాజరే.

కక్ష్యలోనూ కబ్జాలు లేకపోలేదు. 1980ల చివర్లో పసిఫిక్‌లోని టోంగా అనే చిన్న రాజ్యం తాను ఎప్పటికీ నింపలేని పదహారు జాగాలకు అర్జీ పెట్టింది, కిరాయికి ఇచ్చుకోవడానికి. అయినా ఉసూల్ మాత్రం నిలబడింది. ఈ కక్ష్య పరిమితమైన కుదరతీ సంపద, అందులో అందరికీ న్యాయమైన వాటా ఉండాలని ఆ యూనియన్ రాజ్యాంగంలోనే రాసి ఉంది.

ఇప్పుడు నా షికాయత్ వినండి. బయట అందరికీ వాటా అన్న ఉసూల్ కింద హఖ్ పొందిన మన హుకూమత్, ఇంటికొచ్చి తన గరీబులతో ఏం చేస్తోంది? హర్రాజు.

ఫ్రీ డిష్ ప్రసార భారతిది, అంటే అవామ్‌ది. కోట్ల ఇళ్లలో, నెల బిల్లు కట్టలేని ఇళ్లలో ఉన్న డబ్బా అది. అందులో ప్రైవేటు చానెళ్ల జాగాలను ఏటా ఈ-హర్రాజులో అమ్ముతారు. భాషను బట్టి, రకాన్ని బట్టి బకెట్లు. చాలా జాగాలకు పాట మొదలయ్యేదే కోట్లలో. చిన్న భాషవాడు, చిన్న ఊరివాడు, గరీబుల గురించి మాట్లాడేవాడు ఆ గుమ్మం ఎక్కగలడా? వార్తా చానెల్‌కు పర్మిషన్ కావాలంటేనే కంపెనీ నికర ఆస్తి 20 కోట్లు చూపాలి.

మనకు ఈ కథ కొత్త కాదు. వఖ్ఫ్ జాయిదాద్ అల్లాహ్‌ది, ముతవల్లీ దాన్ని చూసుకునే అమీన్ మాత్రమే. ఆ ముతవల్లీ దాన్ని ఎక్కువ పాడినవాడికి కిరాయికిచ్చి, ఎవరి కోసం వఖ్ఫ్ చేశారో ఆ యతీములను గేటు బయట నిలబెడితే మనం ఏమంటాం? ఖియానత్ అంటాం. ఆకాశంలో జరుగుతున్నదీ అదే.

ఇది నా ఒక్కడి మాట కాదు. 1995 ఫిబ్రవరి 9న, క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: వాయుతరంగాలు ప్రజల ఆస్తి. వాటిని సమాజంలోని అన్ని వర్గాలకూ చోటున్న స్వతంత్ర సంస్థ చేతిలో పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ బెంచ్‌లో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ సంస్థ ఇప్పటికీ రాలేదు. ట్రాయ్ ధరలు చూస్తుంది, పర్మిషన్ కలం మాత్రం మంత్రిత్వ శాఖ చేతిలోనే.

ఆ కలం ఏం చేయగలదో మీడియావన్ చూపించింది. 2022 జనవరి 31న ఆ మలయాళం చానెల్‌కు పర్మిషన్ రెన్యూ చేయలేదు. కారణం భద్రత అన్నారు, వివరం సీల్డ్ కవర్‌లో పెట్టారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ హుకుం కొట్టేసేదాకా తన కసూర్ ఏమిటో ఆ చానెల్‌కే తెలియదు.

"హర్రాజు పారదర్శకం కదా, యూట్యూబ్ ఉంది కదా" అంటారు కొందరు దోస్తులు. పారదర్శకంగా తలుపు మూసినా తలుపు మూసినట్టే. యూట్యూబ్‌లో ఏది పైకి రావాలో విదేశీ కంపెనీ తేల్చుతుంది, పైగా డేటా ఖర్చు మనదే. డీడీ ఉర్దూ 2006 నుంచి ఉంది, సంతోషం. కానీ అది ఢిల్లీ జబాన్. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే అమ్మీ బతుకు అందులో ఎక్కడుంది?

వేరే దారి ఉంది. జహీరాబాద్ దగ్గర సంగం రేడియోను 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్నారు. దాని ఫ్రీక్వెన్సీ హర్రాజులో కొన్నది కాదు, కమ్యూనిటీ రేడియో విధానం కింద వచ్చింది. నేల మీది తరంగాల్లో కుదిరింది ఉపగ్రహం దగ్గర ఎందుకు కుదరదు?

మనం అడగాల్సినవి మూడు. ఫ్రీ డిష్‌లో కొన్ని జాగాలు హర్రాజు లేకుండా చిన్న భాషలకు, లాభాపేక్ష లేని సంఘాలకు పక్కన పెట్టాలి. 1995 ఫైసలా చెప్పిన స్వతంత్ర సంస్థ రావాలి. పర్మిషన్ ఆపితే కారణం రాతలో, బహిరంగంగా ఇవ్వాలి.

మన కసూర్ కూడా ఒప్పుకుందాం. ఒక్కో షాదీకి లక్షలు తగలేసే మనం పదిమంది కలిసి ఒక ఖబర్ సంస్థ నిలబెట్టలేదు. హఖ్ అడిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉంటే ఎవరూ వినరు. వచ్చే జుమ్మా తర్వాత మస్జిద్ బయట పావుగంట కూర్చుందాం. ప్రసార భారతికి, మన ఎంపీకి ఒక అర్జీ రాద్దాం. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఉర్దూది అమ్మీ చదివి దస్తఖత్ చేస్తానంది.