హంతకుడి మనసు సరే, మృతుల లెక్క ఏది?

కర్ణాటకలోని బంగారుపేట నుంచి వచ్చే రైలుకు మారికుప్పం ఆఖరి స్టేషను. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా మట్టి దిబ్బలే. కోలారు బంగారు గనుల్లోంచి తవ్వి తెచ్చిన రాతిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని లాగేశాక మిగిలిన మట్టి అది. జనం వాటిని సైనైడ్ దిబ్బలనే అంటారు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. కార్మికులు బెంగళూరు రైళ్లెక్కారు, దిబ్బలు మాత్రం ఉండిపోయాయి. తరాల తరబడి వేల కుటుంబాలకు కూడు పెట్టిన పనిలో భాగమైన ఆ సైనైడ్, నగలకు మెరుగు పెట్టే కంసాలి కొట్టులోనూ ఉంటుంది. అక్కడి నుంచే అది హంతకుల చేతికి చేరింది.

కోలారు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో హొసకోటె వస్తుంది. 1999లో అక్కడ ఒక మహిళ సైనైడ్‌కు బలైంది. ఎనిమిదేళ్ల తర్వాత, 2007 చివరి మూడు నెలల్లో మరో అయిదుగురు మహిళలు అదే విధంగా చనిపోయారు. ఎడియూరు, కబ్బాళు, సిద్ధగంగ, మద్దూరు దగ్గరి వైద్యనాథపుర... అన్నీ భక్తులు వెళ్లే చోట్లే. సైనైడ్ మల్లికగా పత్రికలకెక్కిన కె.డి. కెంపమ్మ ఆలయాల దగ్గర కాచుకుని, కష్టంలో ఉన్న ఆడవాళ్లతో మాట కలిపేది. ఒకరికి సంతానం లేదు, ఇంకొకరిని ఉబ్బసం పీడిస్తోంది. మండల పూజ చేస్తే అంతా చక్కబడుతుందని నమ్మించి, ఉన్న నగలన్నీ పెట్టుకుని రమ్మనేది. తీర్థంలో సైనైడ్ కలిపి ఇచ్చేది. దేశంలో వరుస హత్యలకు శిక్షపడిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. కింది కోర్టు వేసిన ఉరిశిక్ష తర్వాత యావజ్జీవంగా మారింది.

ఇలాంటి కేసు బయటపడగానే అందరూ అడిగేది ఒకటే: ఆమె బుర్రలో ఏం నడిచింది? బాల్యం ఎలా గడిచింది? టీవీ చర్చల్లో మానసిక నిపుణులు కూర్చుంటారు, ఓటీటీ సిరీస్‌లు వస్తాయి. ఆ ఆసక్తిని తప్పుపట్టనక్కర్లేదు. కానీ కెంపమ్మను ఏ మనస్తత్వ విశ్లేషణా పట్టించలేదు. 2007 డిసెంబరు 31న బెంగళూరు బస్టాండులో, మృతురాలి నగలు అమ్ముకోబోతుండగా పోలీసులకు చిక్కింది.

నేరస్థుల ప్రొఫైలింగ్ అనే విద్యకు ప్రచారం తెచ్చిన కేసు న్యూయార్క్‌ది. 1940 నుంచి 1956 దాకా ఒక అజ్ఞాత వ్యక్తి థియేటర్లలో, రైల్వేస్టేషన్లలో బాంబులు పెట్టాడు. మానసిక వైద్యుడు జేమ్స్ బ్రసెల్ అతని రూపురేఖలు ఊహించి చెప్పాడు. పట్టుబడే రోజున డబుల్ బ్రెస్టెడ్ కోటు, గుండీలన్నీ పెట్టుకుని ఉంటాడని కూడా చెప్పాడట. 1957 జనవరిలో జార్జ్ మెటెస్కీ దొరికాక ఆ కోటు కథ ప్రపంచమంతా తిరిగింది. అతన్ని నిజంగా పట్టించింది ఆలిస్ కెల్లీ. కాన్ ఎడిసన్ విద్యుత్ కంపెనీలో గుమాస్తా. పాత ఉద్యోగుల నష్టపరిహారం ఫైళ్లు ఒక్కొక్కటే తిరగేస్తూ, బాంబర్ ఉత్తరాల్లోని మాటలే ఒక ఫైలులో ఉన్నాయని ఆమె గుర్తించింది. కోటు గురించి తెలిసినంతగా ఆలిస్ కెల్లీ గురించి లోకానికి తెలియకపోవడం అన్యాయం.

ఆ తర్వాత 1972లో అమెరికా ఎఫ్‌బీఐ క్వాంటికోలో ప్రత్యేక విభాగం పెట్టింది. జాన్ డగ్లస్, రాబర్ట్ రెస్లర్ జైళ్లకు వెళ్లి హంతకులతో మాట్లాడారు. పద్ధతి ప్రకారం చంపేవాళ్లు, పద్ధతి లేకుండా చంపేవాళ్లు అంటూ రెండు వర్గాలు చేశారు. 2004లో బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం వంద మంది వరుస హంతకుల కేసులు తీసి చూస్తే ఆ విభజన నిలబడలేదు. 2002 అక్టోబరులో వాషింగ్టన్ ప్రాంతంలో చాటు నుంచి కాల్పులు జరిపి పదిమందిని చంపిన కేసులో, టీవీ నిపుణులు హంతకుడు ఒంటరి శ్వేతజాతీయుడన్నారు. జనమంతా తెల్లటి వ్యాను కోసం వెతికారు. దొరికింది నీలం రంగు కారులో తిరుగుతున్న ఇద్దరు నల్లజాతీయులు.

ఇంతమాత్రాన ఆ విద్యంతా వృథా అనలేం. ఒకే చేయి ఎన్ని చోట్ల పని చేసిందో చెప్పడానికి హంతకుడి నడవడి పనికొస్తుంది. ఎలాంటి వాళ్లను ఎంచుకుంటాడు, ఏమని నమ్మిస్తాడు, ఎక్కడ వదిలేస్తాడు, ఏం తీసుకుపోతాడు అన్న నాలుగు సంగతులు పోల్చి చూస్తే వేర్వేరు కేసులు ఒక్కటవుతాయి. అయితే పోల్చడానికి ముందు కేసులంటూ నమోదై ఉండాలి. మన దగ్గర లేనిది అదే.

సైనైడ్ మోహన్ కేసు చూడండి. దక్షిణ కన్నడ జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసిన మోహన్ కుమార్, 2003 నుంచి 2009 దాకా ఇరవై మంది యువతులను చంపాడు. కట్నం ఇవ్వలేని పేదింటి అమ్మాయిలను వెతికి, పెళ్లి చేసుకుంటానని దూరపు ఊరికి తీసుకెళ్లేవాడు. మర్నాడు బస్టాండుకు తెచ్చి, గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సైనైడ్ ఇచ్చేవాడు. మరుగుదొడ్డిలోకి వెళ్లి వేసుకోమనేవాడు. లోపల గడియ పెట్టి ఉండేది, శవం మీద పట్టుచీర ఉండేది, నగలు మాత్రం ఉండేవి కావు. మైసూరు, బెంగళూరు వంటి రద్దీ బస్టాండ్లలో ఇలాంటి శవాలు ఒకటి తర్వాత ఒకటి దొరుకుతూనే ఉన్నాయి. ప్రతి స్టేషనూ అసహజ మరణంగా రాసుకుని, గుర్తు తెలియని శవంగా ఫైలు మూసింది. ఆత్మహత్య చేసుకోబోయే అమ్మాయి పట్టుచీర ఎందుకు కట్టుకుంది, నగలు ఏమయ్యాయి అని ఎవరూ అడగలేదు.

2009లో బంట్వాళ తాలూకాలోని బరిమారు గ్రామంలో ఒక యువతి కనబడకుండా పోయింది. వేరే మతం అబ్బాయి తీసుకుపోయాడని పుకారు పుట్టింది. జనం పోలీస్ స్టేషను మీదికి వచ్చారు. అప్పుడు గానీ పోలీసులు ఆమె ఫోన్ కాల్ వివరాలు తీయలేదు. అందులోని ఒక నంబరు ఇంకో అమ్మాయి దగ్గరికి దారితీసింది. ఆమె కూడా కనబడటం లేదు. అక్కడి నుంచి మరొకరు, ఇంకొకరు... అలా ఇరవై మంది. 2013 డిసెంబరులో మంగళూరు కోర్టు మోహన్‌ను దోషిగా తేల్చి మరణశిక్ష విధించింది. తర్వాతి కేసుల తీర్పులు 2020 దాకా వస్తూనే ఉన్నాయి. అంటే ఆరేళ్లు తిరిగిన హంతకుణ్ని ఫోన్ బిల్లు లాంటి మామూలు కాగితం పట్టించింది. ఆ కాగితం మొదటి అమ్మాయి తప్పిపోయినప్పుడూ తీయొచ్చు.

ఎందుకు తీయరు? ఆడపిల్ల కనబడటం లేదని తండ్రి స్టేషనుకు వెళితే మొదట వినబడే మాట ‘ఎవడితోనో లేచిపోయి ఉంటుంది, నాలుగు రోజులు చూడు’ అని. పరువు పోతుందని కొందరు తల్లిదండ్రులు స్టేషను గడపే తొక్కరు. హంతకుడి ప్రొఫైల్ గీయడానికి చాలా ముందే మన వ్యవస్థ మృతురాలి ప్రొఫైల్ గీసేస్తోంది. పేదింటిది, పెళ్లి కానిది, చెప్పకుండా వెళ్లిపోయింది. ఈ గీతే మోహన్ వంటివాళ్లకు రక్ష.

తెలుగు నేల మీదా ఇదే తంతు. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ దగ్గర 2015లో తప్పిపోయిన బాలిక ఏమైందో నాలుగేళ్లు తెలియలేదు. 2019 ఏప్రిల్‌లో ఇంకో బాలిక బడి నుంచి తిరిగి రాకపోతే వెతుకుతూ వెళ్లినవారికి పాడుబడ్డ వ్యవసాయ బావిలో ఒకటి తర్వాత ఒకటి మృతదేహాలు బయటపడ్డాయి. బస్సు రాని దారిలో బైకు మీద ఎక్కించుకుంటాననే ఊరివాడి మాట నమ్మడమే ఆ పిల్లల నేరమైంది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు శ్రీనివాస్ రెడ్డికి మరణశిక్ష వేసింది. ఏలూరులో 2019 నవంబరులో పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, 2018 నుంచి ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో ప్రసాదంలో సైనైడ్ కలిపి పదిమందిని చంపాడని ప్రకటించారు. మృతుల్లో చాలామందివి సహజ మరణాలేనని కుటుంబాలు నమ్మాయి. అంత్యక్రియలు కూడా జరిగిపోయాయి.

సైనైడ్‌తో వచ్చిన చిక్కు అది. శరీరంలోని కణాలు ప్రాణవాయువును వాడుకోలేకుండా చేసి నిమిషాల్లో చంపుతుంది. చూసేవాళ్లకు గుండెపోటులా ఉంటుంది. దాని వాసన అందరి ముక్కుకూ తెలియదు. పోస్టుమార్టం చేసి, విసెరాను, అంటే లోపలి అవయవాల నమూనాలను, ఆలస్యం లేకుండా ఫోరెన్సిక్ ల్యాబుకు పంపకపోతే ఆనవాలు తగ్గిపోతుంది. విషం ఏదైనా, సహజ మరణాల్లా కనబడే హత్యలు బయటపడాలంటే మరణాల లెక్క చూడాలి. ఇంగ్లండులో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ 215 మంది రోగులను చంపినట్టు విచారణ సంఘం తేల్చింది. 1998లో అతని మీద మొదట అనుమానం చెప్పింది పొరుగు క్లినిక్ డాక్టరు లిండా రేనాల్డ్స్. షిప్‌మన్ రోగుల్లో మరణాలు మరీ ఎక్కువగా ఉన్నాయని ఆమె గమనించింది. పోలీసులు పైపైన చూసి వదిలేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు చనిపోయారు.

మనసును తవ్వి నిజం రాబట్టాలనే తొందరా మనకు తక్కువేం కాదు. సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ కేసు కర్ణాటక నుంచే వెళ్లింది. నోయిడాలోని నిఠారీలో పేదల పిల్లలు తప్పిపోతున్నారని తల్లిదండ్రులు మొత్తుకుంటే పోలీసులు పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో ఎముకలు బయటపడ్డాక మాత్రం నిందితుడి వికృత మనసు గురించి దేశమంతా మాట్లాడింది. ఒప్పుకోలు మీద ఆధారపడ్డ ఆ కేసుల్లో 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు నిందితులను నిర్దోషులుగా ప్రకటించింది. దర్యాప్తు సరిగా లేదని తప్పుపట్టింది. ఆ పిల్లల్ని చంపిందెవరన్న ప్రశ్నకు తల్లిదండ్రుల దగ్గర నేటికీ జవాబు లేదు.

ఇప్పుడు మారికుప్పం పటం ముందు పెట్టుకుంటే సంగతి తేటపడుతుంది. కోలారు ఒకే రెవెన్యూ జిల్లా, పోలీసు జిల్లాలు మాత్రం రెండు: కోలారు ఒకటి, గనులున్న కేజీఎఫ్ ఒకటి. పట్టాల మీద దొరికిన శవం రైల్వే పోలీసులది. ఇటు కుప్పం, వి.కోట వైపు వెళితే ఆంధ్రప్రదేశ్. అటు కొద్ది దూరంలో తమిళనాడు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ మాట్లాడే జనం పనికోసం రోజూ ఈ సరిహద్దులు దాటుతుంటారు. హంతకుడికీ ఆ దారులే ఉంటాయి. ఒక స్టేషనులో ఉన్న సమాచారం పక్క స్టేషనుకు అందక వరుస హత్యలు కనబడకుండా పోతాయని అమెరికా నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగర్ 1980ల్లోనే రాశాడు. స్టేషన్ల రికార్డులను కలిపే కంప్యూటరు వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌కు కేంద్రం 2009లో ఆమోదం తెలిపింది. అందులోకి ఎక్కించేది పలచటి పంచనామా అయినప్పుడు కంప్యూటరు ఏం పోల్చగలదు?

అందుకే చిత్తూరు, కోలారు, కేజీఎఫ్, కృష్ణగిరి ఎస్పీలు రైల్వే పోలీసులను కూర్చోబెట్టుకుని గత పదేళ్ల గుర్తు తెలియని మృతదేహాల ఫైళ్లన్నీ ఒక్క బల్ల మీదికి తేవాలి. తప్పిపోయినవారి ఫిర్యాదులతో వాటిని సరిచూడాలి. పాత సీఆర్‌పీసీ 174, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 194 కింద జరిపే ప్రతి విచారణలో ఒంటి మీద నగల వివరం, చివరి ఫోన్ కాల్ వివరం తప్పనిసరిగా రాయాలి. సైనైడ్ అమ్మే, వాడే దుకాణాల రిజిస్టర్లను విషాల చట్టం కింద నిజంగా తనిఖీ చేయాలి. మారికుప్పం నుంచి కుప్పానికి కొత్త రైలు మార్గం పనులు ఏళ్లుగా సాగుతున్నాయి. అది పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. ముందుగా తెరవాల్సినవి విసెరా నివేదిక రాకుండానే మూసేసిన ఫైళ్లు.