ఇంట్లో పాటలకి విమానం హెడ్‌ఫోన్లెందుకు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి చుట్టాలూ స్నేహితులూ అడిగే ప్రశ్నల్లో "మావాడికి ఏ కోర్సు మంచిది?" మొదటిదైతే, "ఏ హెడ్‌ఫోన్స్ కొనమంటావ్?" అన్నది రెండోది. అడిగేవాళ్ళు అప్పటికే పది రివ్యూలు చూసేసి, సోనీయా బోసా అన్న దగ్గర ఆగిపోయి ఉంటారు. నేను మాత్రం ముందు "ఎక్కడ వింటారు?" అని అడుగుతాను. చాలామంది "ఎక్కడేమిటి, ఇంట్లోనే" అంటారు. పేచీ అంతా అక్కడే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవాళ మార్కెట్లో "బెస్ట్" అని పేరుపడ్డ ఖరీదైన వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ చాలావరకు ప్రయాణాల కోసం పుట్టినవి. రివ్యూలు వాటికి మార్కులేసేది కూడా ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకునే. ఇంట్లో కూర్చుని వినేవాడికి కావలసిన లక్షణాలు వేరు.

నాయిస్ క్యాన్సిలింగ్ కథే తీసుకోండి. ఎమ్మైటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన అమర్ బోస్ (తండ్రి బెంగాలీ, అమెరికాలో స్థిరపడ్డాడు) 1978లో యూరప్ నుంచి తిరిగి వెళుతూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఇంజను హోరులో పాట సరిగ్గా వినపడలేదు. ఆ ప్రయాణంలోనే కాగితమ్మీద లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన కంపెనీ నుంచి 1989లో పైలట్ల కోసం హెడ్‌సెట్ వచ్చింది, 2000లో మామూలు ప్రయాణికుల కోసం క్వైట్ కంఫర్ట్ వచ్చింది. అంటే ఆయన హెడ్‌ఫోన్స్ ఆలోచన పుట్టిందే విమానంలో అన్నమాట. మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే తరంగాన్ని స్పీకరు వదులుతుంది, రెండూ కలిసి చెల్లుకుపోతాయి. ఒకే తీరుగా సాగే కింది స్థాయి హోరు మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, పిల్లల కేక లాంటి పై స్థాయి శబ్దాలని ఆపేది మాత్రం ముఖ్యంగా చెవిని మూసేసే ఆ కప్పులే. మిగిలిన కాస్తా పాట కింద పడి మాయమైపోతుంది.

ఇంట్లో మన నెత్తిన ఇంజను లేదు. ఫ్యాను రొద, ఏసీ హోరు ఉంటే ఉండొచ్చు. వాటిని తీసెయ్యడం కోసం ఇల్లు మొత్తాన్ని తీసేసుకుంటున్నాం. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. వర్క్ ఫ్రం హోం రోజుల్లో వాళ్ళమ్మగారు ఆయన్ని పేరుపెట్టి పిలవడం మానేశారట. గుమ్మం దగ్గర నిలబడి గదిలో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తారట, అన్నానికి రమ్మని! ఆయన దాన్ని జోకుగా చెప్పాడు, మేమూ నవ్వాం. కానీ ఆవిడ ఏ బాత్‌రూంలోనో జారిపడితే స్విచ్చి దగ్గరికి రాలేరు కదా. పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఉన్న ఇంట్లో, బయటి శబ్దం లోపలికి రావడం హెడ్‌ఫోన్లో లోపం కాదు, అవసరం.

ఇక స్పెసిఫికేషన్లు. ముప్ఫై గంటల బ్యాటరీ అంటారు. ఇంట్లో చార్జరు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. మడిచి పెట్టుకునే వీలు, అందమైన కేసు... ఇంట్లో మేకుకి తగిలిస్తాం కదండీ. ఇంట్లో నిజంగా లెక్కలోకి వచ్చేది బరువు. సోనీ ఎక్స్ఎం5 సుమారు 250 గ్రాములు, యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ సుమారు 385 గ్రాములు. షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఈ తేడా తెలీదు. రెండు గంటల కచేరీ వింటే మెడకి తెలుస్తుంది.

కోడెక్ గురించి మనవాళ్ళు చేసే చర్చలు చూస్తే ముచ్చటేస్తుంది. ఎల్‌డీఏసీ అయితే 990 కేబీపీఎస్, అన్ని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలోనూ ఉండే మామూలు ఎస్‌బీసీ అయితే 328 దాకానే, కాబట్టి మొదటిదే కొనాలి అంటారు. బాగానే ఉంది. మనం వినేదేమిటి? యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన పాత పాట. దాని ఆడియో మామూలుగా 128-160 కేబీపీఎస్ దగ్గర ఉంటుంది. దానికి మూలం 1957 నాటి మాయాబజార్ లాంటి మోనో సౌండ్ ట్రాక్. బావిలో లేని నీళ్ళు బొక్కెన్లోకి ఎలా వస్తాయి? పైగా ఐఫోన్లో ఎల్‌డీఏసీ అసలు లేదు. తేడా బొత్తిగా ఉండదని నేననను. లాస్‌లెస్ చందా కట్టి, నిశ్శబ్దమైన గదిలో, కొత్త రికార్డింగులు వినేవాళ్ళకి ఉండొచ్చు. మిగతావాళ్ళు ఆ డబ్బు మెత్తటి ఇయర్ ప్యాడ్స్ మీద పెట్టడం నయం.

మనవాళ్ళకి బాగా తగిలే అసలు సమస్య ఇంకోటుంది. పాట బ్రహ్మాండంగా వస్తుంటుంది, మీటింగులో చేరగానే అదే హెడ్‌ఫోన్ పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతుంది. హెడ్‌ఫోన్ పాడైందనుకుని వెనక్కి పంపినవాళ్ళు నాకు తెలుసు. పాపం దాని తప్పేం లేదు. మామూలు బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక ప్రొఫైల్, మాట్లాడ్డానికి ఇంకో ప్రొఫైల్. మైకు ఆన్ కాగానే రెండోదానికి మారుతుంది, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో కాస్తా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మోనో అవుతుంది. విరుగుడు తేలిక: మీటింగ్ సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ మైకునే ఎంచుకోండి, హెడ్‌ఫోన్‌ని వినడానికే వాడండి. 2020లో ప్రకటించి 2022లో స్పెసిఫికేషన్ పూర్తిచేసిన ఎల్ఈ ఆడియో ఈ తలనొప్పిని తగ్గిస్తుంది. కాకపోతే అటు ల్యాప్‌టాప్‌లోనూ ఇటు హెడ్‌ఫోన్లోనూ రెండుచోట్లా ఉండాలి.

రాత్రి పిల్లలు పడుకున్నాక టీవీ చూడ్డానికైతే లెక్క మళ్ళీ మారుతుంది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యంగా రావొచ్చు. టీవీ దాన్ని సర్దుకోకపోతే పెదవులు ముందూ మాట వెనకా వస్తాయి. దీనికి పాతకాలపు పరిష్కారమే గట్టిది: టీవీ పక్కన చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకునే రేడియో హెడ్‌ఫోన్స్, సెన్‌హైజర్ ఆర్ఎస్ సిరీస్ లాంటివి. ఆలస్యం తక్కువ, గోడ అడ్డున్నా అందుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌వి మాత్రం వైఫై రూటర్‌కి దూరంగా పెట్టాలి. ఇద్దరు కలిసి చూడాలంటే ఎల్ఈ ఆడియోలో భాగమైన ఆరాకాస్ట్ ఉన్న టీవీ ఒకేసారి ఎన్ని హెడ్‌ఫోన్లకైనా పంపగలదు.

అన్నిటికంటే ముఖ్యమైంది చెవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి సురక్షితమైన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ఆ నలభై అంకె ఎక్కడో చూసినట్టు లేదూ? రోజుకి ఎనిమిది గంటలు, వారానికి ఐదు రోజులు... మన పనిగంటలే! అంటే కాల్సూ పాటలూ కలిపి పనివేళంతా ఆ స్థాయిలో వింటే, సాయంత్రం పాటకి మిగిలే కోటా సున్నా. ప్రతి 3 డెసిబెల్స్ పెంచితే సమయం సగమవుతుంది. 90కి వెళితే వారానికి నాలుగ్గంటలే. లోపలి చెవిలో పాడైన కణాలు మళ్ళీ పుట్టవు. హార్డ్ డిస్క్ పోతే బ్యాకప్ ఉంటుంది, దీనికి లేదు.

ఇక్కడ నాయిస్ క్యాన్సిలింగ్ తరఫున ఒక మాట చెప్పాలి. పక్క ఫ్లాట్లో జనరేటరో, కింద ట్రాఫిక్కో హోరెత్తిస్తుంటే వాల్యూమ్ పెంచకుండా వినడానికి అది నిజంగా పనికొస్తుంది. నలుగురు కుర్రాళ్ళు ఒకే గదిలో అద్దెకుండేచోటా అంతే. అలాంటివాళ్ళు నిక్షేపంగా కొనుక్కోండి. బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉందో లేదో, అది సహజంగా వినిపిస్తోందో లేదో మాత్రం చూసుకోండి.

మిగతావాళ్ళకి నా వరస ఇది. ముందు బరువు. తర్వాత ఇంటి చప్పుడు లోపలికి వచ్చే నిర్మాణం: ఓపెన్ బ్యాక్ దొరికితే సరే, వైర్‌లెస్‌లో అవి తక్కువే కాబట్టి చెవిని మూయని ఓపెన్ ఇయర్ రకం. బేస్ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. తర్వాత ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకేసారి కలిసే మల్టీపాయింట్. తర్వాత ప్యాడ్స్, బ్యాటరీ మార్పించుకునే వీలు, ఎందుకంటే లిథియం బ్యాటరీ ఏళ్ళు గడిచేకొద్దీ ఎలాగూ నీరసిస్తుంది. కోడెక్ అన్నిటికంటే చివర.

కొన్నాక, రిటర్న్ గడువు దాటకముందే ఒక పరీక్ష పెట్టండి. మీరు రోజూ వినే వాల్యూమ్‌లో పాట పెట్టుకుని, ఇంట్లోవాళ్ళని వంటింట్లోంచి మామూలు గొంతుతో ఒకసారి పిలవమనండి. వినపడకపోతే, దానికి ఎన్ని స్టార్లున్నా సరే, మీ ఇంటికి సరిపడే వస్తువు కాదది.