నెట్‌లో మన వాటా ఏది?

తెలంగాణ కొట్లాడిందే వాటా కోసం. నీళ్లలో వాటా, నిధుల్లో వాటా, నియామకాల్లో వాటా. 2014 జూన్ 2న రాష్ట్రం సాధించుకున్నాం. మరి ఇయ్యాల మహదేవపూర్ రైతు, పలిమెల అడవి పల్లెలోని కూలీ తల్లి "నెట్‌లో మా వాటా ఏది?" అని అడిగితే జవాబు చెప్పేదెవరు?

నెట్ అంటే సినిమాలు, పాటలు అనుకునే రోజులు పోయాయి. భూమి పట్టా అందులోనే. రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, ఉద్యోగ దరఖాస్తు, హాల్‌టికెట్ అన్నీ అందులోనే. సర్కారు ఒక్కొక్క తలుపే మూసుకుంటూ పోయి ఫోన్ అనే చిన్న కిటికీ మిగిల్చింది. ఆ కిటికీ అందనోళ్లకు హక్కు ఉన్నా లేనట్టే.

ధరణినే చూడండి. 2020 అక్టోబర్ 29న మొదలైంది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమి కంప్యూటర్‌లో కనబడకపోతే రైతు ఏం చేయాలి? మీసేవకు పోవాలి. ఆపరేటర్‌ను బతిమాలాలి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాలి. ఏ గడిలో ఏం కొట్టారో తెలియకుండానే పైసలు కట్టి రావాలి. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. ఆ జూన్‌లో అధికారులే ఊళ్లకొచ్చి, రెవెన్యూ సదస్సులు పెట్టి, కాగితం మీద దరఖాస్తులు తీసుకుంటే లక్షల్లో వచ్చిపడ్డాయి. అన్నేళ్లు ఈ గోడంతా ఎక్కడ దాగింది? పోర్టల్ వెనకాల! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కూలీల బతుకూ అంతే. ఉపాధి హామీ పనిలో హాజరు యాప్‌లోనే పడాలని 2023 జనవరి 1 నుంచి హుకుం జారీ చేశారు. రోజుకు రెండు ఫోటోలు. ఎండలో మట్టి తవ్విన చేతులు సాక్ష్యం కావట, ఫోటో ఎక్కితేనే పని చేసినట్టట!

పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి పాఠాలు టీవీకి, ఫోన్‌కు ఎక్కాయి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. నాయిన దాన్ని పట్టుకొని చేనుకు పోతే బిడ్డ పాఠం కూడా ఆయన వెంటే పోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో ఎన్నడైనా నెట్ వాడినవాళ్లు నూటికి 27 మందిలోపే. పల్లెల్లో ఇంకా తక్కువ.

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా" అంటారు ఏసీ గదుల్లోని దొరలు. చేతిలో పలక ఉంటే చదువు వచ్చినట్టేనా? కేంద్రం 2017లో పీఎంజీదిశ పథకం పెట్టింది. ఇంటికొక్కరికి 20 గంటల శిక్షణ. 6.39 కోట్ల మందికి నేర్పామని లెక్క చూపి 2024 మార్చి 31న ముగించింది. ఓటీపీ అడిగేవాడు బ్యాంకోడా, దొంగా అని గుర్తుపట్టడం 20 గంటల్లో వస్తుందా? మోసపోతే 1930కి ఫోన్ చేయాలని మన ఊళ్లో ఎంతమందికి తెలుసు?

ఇక లైన్ సంగతి. మిషన్ భగీరథ పైపులతో పాటే ఫైబర్ వేసి ఇంటింటికీ నెట్ ఇస్తామన్నది సొంత రాష్ట్రపు తొలి సర్కారే. రాష్ట్రమొచ్చిన పదేళ్లకు, 2024 డిసెంబర్‌లో, తర్వాతి సర్కారు కొన్ని ఊళ్లలో టీ-ఫైబర్‌ను ప్రయోగంగా మొదలుపెట్టింది. ఈ మహదేవపూర్ మండలంలోనే 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ కట్టారు. 2023 అక్టోబర్‌లో దాని పిల్లర్లు కుంగాయి. గోదావరికి అడ్డంగా వేల కోట్లు పోసిన పాలకులకు ఊరికొక తీగ గుంజడం బరువైందా?

మహదేవపూర్ ఉన్నది మంథని నియోజకవర్గంలో. ఆ ఎమ్మెల్యే శ్రీధర్‌బాబే 2023 డిసెంబర్‌లో ఐటీ మంత్రి అయ్యారు. సొంత ఇలాకా జనాన్ని మొహమాట పెట్టకండి. ఏ ఊరికి ఏ తేదీన లైన్ వస్తుందో రాసి పంచాయతీ గోడకు అంటించండి.

మనం అడిగేది దానం కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టే 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అందుకే మన డిమాండ్లు మూడు. ఏ సేవనూ ఆన్‌లైన్‌కే కట్టేయొద్దు, కాగితం దరఖాస్తు తీసుకొని రసీదు ఇవ్వాలి. పంచాయతీకి, బడికి ముందు లైన్ ఇవ్వాలి. ఊరికొక చదువుకున్న ఆడబిడ్డకు జీతమిచ్చి మహిళా సంఘాల్లో ఏడాది పొడుగునా తెలుగులో, కోయ పల్లెల్లో కోయ మాటలో నేర్పించాలి.

ఉద్యోగ మిత్రులారా! 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసింది మీరే. "ఆన్‌లైన్‌లో పెట్టుకో పో" అని ముసలి రైతును తిప్పి పంపేది మన చేతులు కావొద్దు. విద్యార్థులారా! సెలవులకు ఊరికి పోతే అమ్మ పక్కన గంటసేపు కూర్చోండి. ఆమె పనిని మీరు చేసి పెట్టకండి, ఆమె వేలితోనే చేయించండి.

ఇది జయశంకర్ సారు పేరు పెట్టుకున్న జిల్లా. లెక్క తీసి వాటా అడగడం నేర్పింది ఆ సారే. ఊరికి లైన్, తల్లికి చదువు, దరఖాస్తుకు రసీదు. ఇవి దక్కేదాకా అడుగుతూనే ఉందాం!