సాక్షిని అడిగే పద్ధతి

మొన్నామధ్య పాసిర్ రిస్‌లో మా ఇంటి దగ్గర సిగ్నల్లో ఒక కారు సైకిలబ్బాయికి తగిలింది. అదృష్టవశాత్తూ మోకాలు దోక్కుపోవడంతో సరిపోయింది. చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఫోన్ నంబరిచ్చాను. వారం తర్వాత, ఆఫీసులో కోడ్ రివ్యూ మధ్యలో ఫోనొచ్చింది. "కారు గుద్దినప్పుడు, నడిచేవాళ్ళ సిగ్నల్ ఆకుపచ్చగా ఉందా?" ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సాయంత్రం అదే చోట నిలబడితే, రోడ్డు దాటొచ్చని చెప్పే బీప్ వినిపించింది. ఆ రోజూ అది మోగుతుంటేనే అడుగు ముందుకేశానని చప్పున తట్టింది!

ఇందులో వింతేమీ లేదు. 1975లో గాడెన్, బాడ్లీ అనే శాస్త్రజ్ఞులు స్కాట్లండ్‌లో డైవర్ల చేత కొన్ని మాటలు నీళ్ళలో, కొన్ని ఒడ్డున బట్టీ పట్టించారు. నీళ్ళలో నేర్చినవి నీళ్ళలో, ఒడ్డున నేర్చినవి ఒడ్డున ఎక్కువగా గుర్తొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే పరిసరాలే ఇండెక్స్.

కానీ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. డేటాబేసులో సెలెక్ట్ కొడితే రికార్డు మారదు. మనిషి జ్ఞాపకం మారుతుంది. 1974లో లాఫ్టస్, పామర్ ఒకే కారు ప్రమాదం ఫిల్ము చూపించి, కొందరిని "ఢీకొన్నప్పుడు" అనీ, కొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అనీ అర్థం వచ్చేలా అడిగారు. వారం తర్వాత, ఫిల్ములో లేని పగిలిన గాజును చూశామని మొదటి జట్టులో 50 మందిలో 7గురు, రెండో జట్టులో 16 మంది చెప్పారు. మరి నాకు తట్టిన బీప్ ఆ రోజుదేనా, లేక ఈ రోజు విన్నదాన్ని అక్కడ అతికించానా? ఫోన్ చేసి రెండూ చెప్పాను.

1980ల్లో ఫిషర్, గైసెల్మన్ తయారుచేసిన పద్ధతి ఈ చిక్కుని కొంత తగ్గిస్తుంది. సాక్షిని మనసులోనే ఆ చోటికి వెళ్ళమంటారు. ఏమున్నాయి, ఏం వినిపించింది అంటూ, అడ్డు తగలకుండా అంతా చెప్పనిస్తారు. ప్రశ్నలు ఆ తర్వాతే.

ఇక మన ఊరి సంగతి. సాక్షి చెప్పింది పోలీసులే రాసుకుంటారు. దాని మీద సాక్షి సంతకం ఉండకూడదని చట్టం. ఆడియో, వీడియో రికార్డు "చెయ్యవచ్చు" అని 2009 చివర్లో అమల్లోకొచ్చిన సవరణ చెప్పింది. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టం 180వ సెక్షన్లోనూ అదే "వచ్చు". క్వెరీ లేకుండా రిజల్టు మాత్రమే ఉన్న లాగ్‌ని మనం నమ్ముతామా? జైలుకి పంపే కేసుల్లోనైనా, అడిగిన ప్రశ్నతో సహా రికార్డు చేసి తీరాలని నా అభిప్రాయం. తప్పు జవాబుని తర్వాత పట్టుకోవచ్చు. తప్పుగా అడిగిన ప్రశ్న గాలిలో కలిసిపోతే దాన్నెవరూ పట్టుకోలేరు.