శనివారపు సంక్రాంతి మనకెందుకు?

2025లో భోగి సోమవారం, సంక్రాంతి మంగళవారం వచ్చాయి. బడికి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో పండుగ శనివారానికి జరగడం అర్థం చేసుకోదగినదే. హోమ్‌స్కూలు ఇళ్లలోనూ అదే ఆనవాయితీ సాగడం విచారకరం. మన టెక్సాస్‌లో ఇంటి చదువుకు ఇన్ని దినాలు, ఇన్ని గంటలు అన్న నిర్బంధమే లేదు కదా! క్రిస్మస్‌కు రెండు వారాలు పుస్తకాలు మూయించే తల్లిదండ్రులు, సంక్రాంతినాడు పదిహేనేళ్ల బిడ్డను బీజగణితం ముందు కూర్చోబెట్టడమేల?

పాఠం వెనుకబడుతుందట! అరిసెల పాకం పట్టడం, ముగ్గుకు చుక్కల వరుసలు లెక్కించడం పాఠాలు కావా? సూర్యుడు డిసెంబరులోనే ఉత్తరానికి మళ్లగా, మకర సంక్రమణం జనవరిలో ఎందుకు వస్తుందో విచారించడం ఖగోళశాస్త్రం కాదా?

మూడేళ్లలో ఆ బిడ్డ కళాశాలకు వెళ్లిపోతుంది. అంతలోపలనైనా, తల్లిదండ్రులారా, పండుగను పండుగనాడే జరపండి.