లోపలి రాళ్ళు, బయటి రాళ్ళు

మా చెల్లి పెళ్ళి కుదిరింది. అల్లుడికి వాచీ పెట్టాలి, అదీ వజ్రాలు పొదిగినదే అయ్యుండాలి అని నాన్నగారి పట్టుదల. అవతలివాళ్ళు అడగలేదు, ఈయనే అనేసుకున్నారు. కొనుక్కొచ్చే పని నా నెత్తిన పడింది. షాపులో ఒకటి చూపించారు. డయల్ చుట్టూ రాళ్ళు, అంకెలుండాల్సిన చోటా రాళ్ళే. ధర నా మూడు నెలల జీతం. లోపల ఏ మూవ్‌మెంట్ అని అడిగా. క్వార్ట్జ్ అన్నాడు. ఇంత పోసి కొంటే లోపల బ్యాటరీ వాచీయేనా అంటే "లోపలిది ఎవరు చూస్తారు సార్" అని నవ్వాడు.

ఈ మాట ఆఫీసులో రోజూ వింటూనే ఉంటా :)

క్వార్ట్జ్ అంటే నాకేం చిన్నచూపు లేదు. సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం. ఆ సంఖ్యని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి, అంటే సెకనుకి ఒక టిక్. ఇంత ముచ్చటైన డిజైను ఇంకోటి చూపించండి. టైము కూడా మెకానికల్ కంటే కచ్చితంగా చూపిస్తుంది. నా గొడవల్లా మనం డబ్బు దేనికి కడుతున్నాం అనే. 2014లో గ్రాఫ్ అనే లండన్ నగల కంపెనీ హాల్యుసినేషన్ అని ఒక వాచీ చూపించింది. 110 క్యారెట్ల రంగురంగుల వజ్రాలు, ధర 5.5 కోట్ల డాలర్లు. ఆ రాళ్ళ మధ్య డయల్ ఎక్కడుందో వెతుక్కోవాలి. లోపల క్వార్ట్జే. అది నగ, అందులో ఒక గడియారం తలదాచుకుంది. నగ అని అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు.

మరి నగ, గడియారం రెండూ నిజంగా కలిసినవి లేవా అంటే, ఉన్నాయి. స్విట్జర్లాండులో జేగర్-లకూల్త్ర్ వాళ్ళు 1929లో తెచ్చిన 101 అనే మూవ్‌మెంట్ సంగతి చూడండి. పొడవు 14 మిల్లీమీటర్లు, వెడల్పు 4.8, మందం 3.4. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. బియ్యపు గింజలు నాలుగైదు పక్కపక్కన పేర్చినంత చోటు. కంసాలికి సన్నటి గాజులాంటి వాచీ కావాలి, చక్రాలేమో పక్కపక్కన పట్టవు. అందుకని గడియారం చేసేవాడు వాటిని రెండు అంతస్తులుగా పేర్చాడు. కీ ఇచ్చే మరని కూడా వెనక్కి మార్చారు, ముందు రాళ్ళ వరసకి అడ్డం రాకుండా. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకంలో ఆవిడ చేతికున్నది ఈ 101 వాచీయే. ఇక్కడ ఒకరి కోసం ఇంకొకరు సర్దుకున్నారు. నాకు నచ్చింది అదీ.

ఇంకోటి వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వాళ్ళ పోన్ దెజామురో, 2010లో వచ్చింది. అంచున వజ్రాలు, డయల్ మీద పారిస్ వంతెన. ఒక పక్కనుంచి గొడుగు పట్టుకున్న అమ్మాయి గంటలు చూపిస్తూ ఎక్కుతుంది, ఇంకో పక్కనుంచి అబ్బాయి నిమిషాలు చూపిస్తూ వస్తాడు. అబ్బాయి ప్రతి గంటా వంతెన మధ్యకి వస్తాడు, ఆ అమ్మాయి కనబడదు, మళ్ళీ మొదటికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకి, అర్ధరాత్రి పన్నెండుకి మాత్రమే ఇద్దరూ కలుస్తారు. ఆ యంత్రం తయారుచేసింది జెనీవాకి చెందిన జాన్-మార్క్ వీడెరెక్ట్. ఆడవాళ్ళ వాచీకి ఇంత బుర్ర పెట్టడమే నాకు విశేషంగా తోచింది. ఎందుకంటే మామూలుగా వాళ్ళ వాచీలకి నాలుగు రాళ్ళు అతికించి, లోపల చిన్న బ్యాటరీ మూవ్‌మెంట్ వేసి చేతులు దులుపుకోవడమే కదా.

నాన్నగారికి ఇవేవీ చెప్పలేదు, చెప్పినా వినరు. ఆయన పాత హెచ్ఎంటీ జనతా మాత్రం తీసి చూపించా. డయల్ మీద 17 జ్యుయెల్స్ అని ఉంటుంది. అవి వజ్రాలని ఆయన నలభై ఏళ్ళుగా నమ్ముతున్నారు! అవి కెంపులండీ, మనుషులు చేసినవి, వెర్నాయ్ అనే ఫ్రెంచాయన 1902లో బయటపెట్టిన పద్ధతి పుణ్యమా అని చవగ్గా దొరుకుతాయి అన్నా. చక్రం ఇరుసు లోహం మీద తిరిగితే అరిగిపోతుంది, కెంపు మీదైతే అరగదు. మీ వాచీలో రాళ్ళు పని చేస్తున్నాయి, ఆ షాపువాడి రాళ్ళు కూర్చుని తింటున్నాయి అంటే ఆయనకి కోపం వచ్చింది. వజ్రాలు కావని తెలిసినందుకు అనుకుంటా.

ఇంకో షాపువాడు మంచి ఆటోమేటిక్ వాచీ కొనండి, రాళ్ళు మేం పొదిగిస్తాం అన్నాడు. అది మరీ దండగ. కేసుకి బెజ్జాలు వేస్తే కంపెనీ వారంటీ పోతుంది, నీళ్ళు దిగకుండా ఉంటుందన్న నమ్మకం ఉండదు, రేపు అమ్మబోతే ఆ రాళ్ళకి పెట్టిన డబ్బు ఎవడూ ఇవ్వడు.

రాళ్ళు లేని ఆటోమేటిక్ కొందాం, వెనక అద్దంలోంచి చక్రాలు కనిపించేది, అని నా వాదన. పెళ్ళిలో అందరూ వాచీ తిప్పి చూస్తారా అని నాన్నగారు. ఈ గొడవ వారం రోజులుగా నడుస్తోంది. నిన్న రాత్రి అన్నాల దగ్గర మా చెల్లి, అదీ మెకానికల్ ఇంజనీరింగే చదివింది, తలెత్తకుండా అడిగింది, "ఇంతకీ నాకే వాచీ కొంటున్నారు?" అని.

ఇద్దరం పప్పు కలుపుకుంటూ కూర్చున్నాం.